ఆల్చిప్పకి ఆరు చిల్లులు

మా ధవళేశ్వరంలో కొంతమందికి ఇప్పటికీ నేను నాలుగేళ్ళు మస్కట్‌లో ఉండి వచ్చానని గుర్తు. గోదావరి జిల్లాల నుంచి మస్కట్, కువైట్ వెళ్ళినవాళ్ళు వీధికి నలుగురుంటారు కాబట్టి వాళ్ళని అనుకోవడానికేం లేదు. "మస్కట్ కాదు వదినా, మస్కటీన్. అమెరికాలో ఉంది" అని మా అమ్మ ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. విన్నవాళ్ళు తలూపి, మళ్ళీ కనబడినప్పుడు "మస్కట్ నుంచి అమ్మాయి ఎప్పుడొస్తోంది?" అనే అడిగేవాళ్ళు.

మస్కటీన్ అయోవా రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 24 వేలకి కాస్త తక్కువ. వాళ్ళు సిటీ అంటారు కానీ, మన లెక్కలో ఓ మోస్తరు పెద్ద పంచాయతీ. నేను వెళ్ళింది 2008 జనవరిలో. మా ఆయనకి అక్కడ ఆఫీసు కుర్చీలు, బల్లలు చేసే కంపెనీలో ప్రాజెక్టు. నాది హెచ్‌ఫోర్ వీసా, అంటే అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగం మానేసి వెళ్ళాను. పొద్దున్న ఏడింటికి ఆయన కారేసుకుని వెళ్ళిపోతే, సాయంత్రం దాకా నేనూ, కిటికీ, కిటికీలోంచి కనబడే నదీ.

మేం అద్దెకున్నది గుట్ట మీద పాత చెక్క ఇంట్లో, మేడ మీద. వంటింటి కిటికీ నది వైపుకే. గోదావరి గట్టున పుట్టి పెరిగినదాన్ని, నది గడ్డకట్టడం అనేది నాకు ఊహకి కూడా అందని విషయం. ఒడ్డు నుంచి సగం దాకా తెల్లగా బిగుసుకుపోయి, నడిమధ్యన నల్లటి పాయలో మంచుపలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తుంటే ఆ చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. మొదటి రోజుల్లో అది చూస్తే ఏడుపొచ్చేది. నాలుగేళ్ళ తర్వాత ఆ కిటికీ వదిలి రావడానికీ ఏడుపే వచ్చింది.

ఆ ఊరితో నాకు నిజంగా పరిచయం అయింది మాత్రం ఏప్రిల్‌లో. ఇంటివాళ్ళు పెరట్లో మూల కాస్త జాగా ఇచ్చి, ఏమైనా వేసుకోమన్నారు. మెంతికూర, తోటకూర వేద్దామని పార పట్టుకుని తవ్వుతుంటే టక్కుమని ఏదో తగిలింది. రాయేమో అనుకుని చేత్తో తీశాను. ఆల్చిప్ప. అరచేయంత ఉంది. మన ఏటి ఆల్చిప్పలా పల్చగా లేదు, బరువుగా, దళసరిగా ఉంది. మట్టి తుడిచి చూస్తే దానికి ఆరు చిల్లులు! ఎవరో కొలిచి కోసినట్టు గుండ్రంగా, అంచులు నున్నగా, ఒకదాని పక్కన ఒకటి. లోపలి వైపు ఇంకా ముత్యంలా మెరుస్తోంది. ఇంకో రెండు పార్లు తవ్వితే ఇంకో పది వచ్చాయి. అన్నిటికీ చిల్లులే.

నాకు చటుక్కున మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ దగ్గర మామిడికాయ చెక్కు తీసే ఆల్చిప్ప ఒకటుండేది. దాని వీపుని రాతి మీద అరగదీసి చిల్లు చేసుకుంది. ఆ చిల్లు అంచుని కాయకి ఆనించి లాగితే ఆకుపచ్చటి తొక్క సన్నటి రిబ్బన్లలా వచ్చేది. వేసవి వస్తే ఆ ఆల్చిప్ప ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. ఇక్కడ, ఇన్ని వేల మైళ్ళ అవతల, చిల్లుల ఆల్చిప్పలు పెరడంతా ఉన్నాయేమిటని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

కంచె అవతల నుంచి పక్కింటి పెద్దావిడ చూస్తోంది. ఆవిడకప్పటికి ఎనభై ఆరేళ్ళు. ఆ దేశంలో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు. కొన్నాళ్ళు ఏమీ పిలవకుండా గడిపి, చివరికి మామ్మగారూ అన్నాను. అర్థం చెప్తే తెగ సంతోషపడింది. ఇక్కడా ఆవిణ్ణి అలాగే రాస్తాను.

మామ్మగారు ఆ ఆల్చిప్పని చేతిలోకి తీసుకుని, చిల్లులో చూపుడువేలు పెట్టి తిప్పి, "ఇది మా నాన్న కోసిందే అయ్యుండొచ్చు" అంది.

ఒకప్పుడు ప్రపంచంలో చొక్కాలకి వేసుకునే బొత్తాలకి ఆ ఊరు రాజధాని. మాటవరసకి అంటున్నది కాదు. 1905లో మస్కటీన్‌లో తయారైన బొత్తాలు 150 కోట్లు. ప్రపంచం మొత్తం మీద మూడో వంతుకి పైనే. ఊళ్ళో పనిచేసేవాళ్ళలో సుమారు సగం మందికి బొత్తాల పనే. అన్నీ ఆ నదిలో దొరికిన ఆల్చిప్పల్లోంచి కోసినవే.

దీనికి మూలం జాన్ బెపుల్ అని ఒక జర్మన్. హాంబర్గ్ దగ్గర కొమ్ములతో, గుల్లలతో బొత్తాలు చేసుకునేవాడు. 1887లో అమెరికా వచ్చాడు. 1890లో అమెరికా ప్రభుత్వం దిగుమతుల మీద సుంకం బాగా పెంచింది. విదేశీ బొత్తాలు ఒక్కసారిగా ఖరీదెక్కిపోయాయి. మరుసటేడు, అంటే 1891లో, బెపుల్ మస్కటీన్‌లో కాలితో తొక్కే తరిణె పెట్టి మిసిసిపి ఆల్చిప్పలతో పని మొదలుపెట్టాడు. నది కూడా అక్కడ అనువుగానే ఉంది. తూర్పు నుంచి వస్తూ వస్తూ సరిగ్గా మస్కటీన్ దగ్గరే దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ చుట్టుపక్కల అడుగున ఆల్చిప్పలు కుప్పలుతెప్పలుగా పెరిగేవి.

వాటిని పట్టే పద్ధతి మామ్మగారు చెబుతుంటే నాకు మనసంతా అదోలా అయిపోయింది. అడుగు చదునుగా ఉండే పడవకి అడ్డంగా ఒక పొడుగాటి కమ్మీ కట్టి, దానికి బోలెడు కొక్కేలు వేలాడదీసి, నది అడుగున మెల్లగా ఈడ్చుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆల్చిప్పలు నీటి ఒరవడికి ఎదురుగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కొక్కెం తగలగానే, ఏదో ఆపదొచ్చిందనుకుని గట్టిగా మూసేసుకుంటాయి. అంతే, దాన్నే పట్టుకుని పైకొచ్చేస్తాయి. అలా ప్రాణం కాపాడుకుందామని పట్టిన పట్టే వాటి ప్రాణం మీదకొచ్చేది. ఒడ్డున పెద్ద పెద్ద డేగిసాల్లో వాటిని ఉడికించి, మాంసం తీసి పందులకి పడేసి, ఏ వెయ్యింటిలోనో ఒక ముత్యం దొరుకుతుందేమోనని వేళ్ళతో నలిపి చూసేవాళ్ళు. ఎండాకాలం ఆ కంపుకి నది పక్కన నిలబడలేకపోయేవాళ్ళట.

గుల్లల్ని వారం రోజులు నీళ్ళ పీపాల్లో నానబెడితే కోతకి మెత్తబడతాయి. అప్పుడు గొట్టంలా ఉండే రంపంతో ఒక్కో గుల్లలోంచి వీలైనన్ని బిళ్ళలు కోస్తారు. మామ్మగారి నాన్న చేసింది ఆ పనే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిలో, గుల్లపొడిలో నిలబడి కోయడం. ఎడంచేతి బొటనవేలు పై కణుపు రంపం తీసేసుకుంది. ఊళ్ళో చాలామంది చేతులు అలాగే ఉండేవిట. కోసిన బిళ్ళల్ని అరగదీయడం, చిల్లులు వేయడం, మెరుగు పట్టడం ఫ్యాక్టరీలో. అట్టముక్కలకి కుట్టే పని మాత్రం ఇళ్ళకి ఇచ్చేవాళ్ళు. మామ్మగారి అమ్మ రాత్రి వంటయ్యాక దీపం దగ్గర కూర్చుని కుట్టేది. ఐదేళ్ళ మామ్మగారు పక్కన కూర్చుని డజన్లు లెక్కపెట్టి ఇచ్చేది. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఇళ్ళల్లో బీడీలు చుట్టి ఇస్తారే, అచ్చం అదే బతుకు.

ఆ కష్టం ఊరుకునే కష్టం కాదు. 1911లో యాజమాన్యాలు ఫ్యాక్టరీలకి తాళాలు వేశాయి, కార్మికులు సమ్మెకి దిగారు. గవర్నరు సైన్యాన్ని కూడా పంపించాడు. ఆ సమ్మెలో ముందు నిలబడినవాళ్ళలో పెర్ల్ మెక్‌గిల్ అనే అమ్మాయి ఉంది. టీచర్ అవుదామని డబ్బు కూడబెట్టుకోవడానికి బొత్తాల ఫ్యాక్టరీలో చేరిన పల్లెటూరి పిల్ల, పదహారు పదిహేడేళ్ళది. ఊరూరా తిరిగి సమ్మెకి చందాలు పోగుచేసింది. పెర్ల్ అంటే ముత్యం. ముత్యం లాంటి పిల్లే అనిపిస్తుంది నాకు, ఆ అమ్మాయి ఫోటో చూసినప్పుడల్లా.

ఇవన్నీ నాకు మామ్మగారు చెప్పగా కొంత, లైబ్రరీలో చదివి కొంత తెలిశాయి. మస్సర్ పబ్లిక్ లైబ్రరీ లేకపోతే ఆ నాలుగేళ్ళు నేనెలా గడిపేదాన్నో. ఉద్యోగం లేని మనిషికి రోజూ వెళ్ళడానికో చోటు, "ఇవాళ ఏం చదువుతున్నావ్?" అని అడిగేవాళ్ళూ ఉండటం ఎంత పెద్ద విషయమో, ఉద్యోగం మానుకుని దేశం దాటిన ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండో వీధిలో బొత్తాల మ్యూజియం ఉంది. అక్కడ పాత యంత్రాలు, బొత్తాలు కుట్టిన అట్టలు, రకరకాల గుల్లలు పెట్టారు. గుల్లలకి ఆ జాలరులు పెట్టుకున్న పేర్లు వింటే మన ఊరి పేర్లలాగే ఉంటాయి: కోతిమొహం, పందికాలివేలు, బట్టలుతికే చెక్క. ఒకదాని పేరు హిగ్గిన్స్ కన్ను. ఆ ఊరివాడే అయిన హిగ్గిన్స్ అనే ఆయన సేకరించాడని ఆ పేరు. అదిప్పుడు అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది.

ఎందుకు ఉండదు? నది అడుగంతా ఊడ్చేశారు. పదేళ్ళు తిరక్కుండానే మస్కటీన్ దగ్గర గుల్ల దొరకడం తగ్గిపోయి, వేరే నదుల నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. ప్రభుత్వం మేలుకుని 1908లో దగ్గర్లోని ఫెయిర్‌పోర్ట్‌లో ఆల్చిప్పల్ని పెంచే కేంద్రం పెట్టడానికి అనుమతించింది. ఆల్చిప్ప పిల్ల పుట్టగానే తనంతట తను బతకలేదు. ఏదో ఒక చేప మొప్పల్ని పట్టుకుని కొన్నాళ్ళు అక్కడే పెరిగి, తర్వాత రాలి నది అడుగుకి చేరుతుంది. ఒక్కో జాతికి ఒక్కో రకం చేప కావాలి. ఆ కేంద్రంలో చేపల్ని పట్టి, వాటి మొప్పలకి పిల్లల్ని అంటించి మళ్ళీ నదిలో వదిలేవాళ్ళు.

ఆ పనిలో చేరినవాళ్ళలో బెపుల్ ఒకడు! తను మొదలుపెట్టిన వ్యాపారంలోంచి ఎప్పుడో బయటికొచ్చేసి, చివరి రోజుల్లో నదుల్లో గుల్ల ఎక్కడ మిగిలిందో వెతికి చెప్పే ప్రభుత్వ ఉద్యోగం చేశాడు. అలా వెతుకుతూ ఆల్చిప్ప మీద కాలు వేశాడు. కాలు కోసుకుపోయి, చీము పట్టి, 1912లో చనిపోయాడు. మా ఊళ్ళో అయితే గంగమ్మ ఊరుకుందా అనేవాళ్ళు. నాకు అలా అనబుద్ధి కాదు. తను పోగొట్టినదాన్ని వెతుక్కుంటూ పోయిన మనిషి ఆయన.

తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, జిప్పు వచ్చింది. కొన్ని కంపెనీలు ప్లాస్టిక్ బొత్తాలకి మారి నిలబడ్డాయి, మిగతావి మూతపడ్డాయి. కోసేసిన గుల్లల్ని సందుల్లో, పల్లపు జాగాల్లో పోసి మెరక చేసుకున్నారు. అందుకే ఆ ఊళ్ళో ఎవరు మొక్క నాటుదామని తవ్వినా చిల్లుల ఆల్చిప్పలే. నా మెంతికూర పెరిగింది వాటి మధ్యనే.

వెళ్ళిన ఏడే జూన్‌లో వరదలొచ్చాయి. 1993 అంత కాదన్నారు కానీ, ఒడ్డున ఉన్న పార్కు, అందులో బెంచీలు, గుల్ల పట్టేవాళ్ళకి గుర్తుగా నిలబెట్టిన కంచు విగ్రహం పాదాలు అన్నీ నీళ్ళల్లోనే. ఇసుక బస్తాలు నింపడానికి మనుషులు కావాలంటే నేనూ వెళ్ళాను. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న రాత్రంతా గట్టు మీద కాపలా ఉండటం, అమ్మ బియ్యం డబ్బాలు అటక మీదకి ఎక్కించడం గుర్తుంది. ఇక్కడా అంతే. బస్తా మూతి పట్టుకునేది ఒకరు, పార పట్టేది ఇంకొకరు. నాకు బస్తా పట్టుకున్నాయన బ్యాంకు మేనేజరని తర్వాత తెలిసింది. మూడు రోజులయ్యేసరికి నడుం పడిపోయింది కానీ, ఆ ఊళ్ళో నన్ను ఎవరూ కొత్త మనిషిగా చూడటం అప్పట్నుంచి మానేశారు.

ఊరికి కాస్త ఎగువన 1937లో కట్టిన పదహారో నంబరు లాకు ఉంది. డెల్టాలో పుట్టినవాళ్ళకి లాకంటే ఏమిటో వివరించనక్కర్లేదు. పడవ లోపలికి రావడం, తలుపులు మూయడం, నీళ్ళు ఎక్కించడం దించడం, అన్నీ మన కాలవ లాకుల్లాగే, కాకపోతే దీని పొడవు 600 అడుగులు. టోబోటు అనే ఇంజను పడవ ఒకేసారి పదిహేను బార్జీల్ని, అంటే సరుకు పడవల్ని, కట్టి తోసుకొస్తే 1200 అడుగులవుతుంది. పట్టదు కాబట్టి సగం విప్పి ముందు పంపి, మిగతా సగం తర్వాత దాటించి, అవతల మళ్ళీ కడతారు. గంటన్నర పైనే పడుతుంది. మా ఆయనకి విసుగొచ్చి కార్లో కూర్చునేవారు, నేను మాత్రం ఆఖరి తాడు కట్టేదాకా కదిలేదాన్ని కాదు. చలికాలంలో ఆనకట్ట దిగువన నీళ్ళు గడ్డకట్టవు. తెల్లతల గద్దలు ఆ నీళ్ళ కోసం వచ్చి, ఆకుల్లేని చెట్ల మీద కాయల్లా కూర్చునేవి. ఒక్కసారిగా దిగి, కాళ్ళు ముందుకి చాపి, చేపని తన్నుకుపోయేవి. మైనస్ పదిహేనులో పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని మరీ వెళ్ళి చూసేవాళ్ళం.

అవునూ, మా బాబు అక్కడే పుట్టాడు, 2010లో.

మార్క్ ట్వేన్ కుర్రతనంలో కొన్నాళ్ళు అక్కడ ఉన్నాడు, వాళ్ళన్నయ్యకి ఆ ఊరి పత్రికలో భాగముండేది. అట్లాంటిక్‌కి అటూ ఇటూ కూడా అలాంటి సూర్యాస్తమయాలు చూడలేదని తర్వాత రాశాడు. ఊరివాళ్ళు అదే గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, బాగుంటాయి. కానీ నన్నడిగితే ఆ ఊరు అంతకంటే ముందు చెప్పుకోవలసిన మనిషి అలెగ్జాండర్ క్లార్క్.

క్లార్క్ నల్లజాతి మనిషి. పదహారేళ్ళ వయసులో, 1842లో వచ్చాడు. అప్పటికి ఊరి పేరు బ్లూమింగ్టన్, 1849లో మస్కటీన్ అయింది. మంగలి పని చేశాడు, ఆవిరి పడవలకి కట్టెలు అమ్మాడు, స్థలాలు కొన్నాడు. ఆయన కూతురు సూసన్‌ని 1867లో దగ్గర్లోని బడిలో చేర్చుకోలేదు. నల్లపిల్లలకి వేరే బడి ఉంది, అక్కడికి పొమ్మన్నారు. క్లార్క్ కోర్టుకెళ్ళాడు. 1868లో అయోవా సుప్రీంకోర్టు, రంగుని బట్టి పిల్లల్ని వేరు చేయడానికి వీల్లేదని తీర్పిచ్చింది. అదే మాట అమెరికా సుప్రీంకోర్టు దేశం మొత్తానికి చెప్పడానికి ఇంకో ఎనభై ఆరేళ్ళు పట్టింది, 1954 దాకా. ఆయన అక్కడితో ఆగలేదు. ముందు కొడుకుని లా చదివించి, తర్వాత ఆరుపదులకి దగ్గరపడుతున్న వయసులో తనూ లా పట్టా తీసుకున్నాడు. 1890లో లైబీరియాకి అమెరికా రాయబారిగా వెళ్ళి, మరుసటేడు అక్కడే కన్నుమూశాడు. సమాధి మాత్రం మస్కటీన్ గ్రీన్‌వుడ్ శ్మశానంలో ఉంది. నేను అక్కడికి చాలాసార్లు వెళ్ళాను. "మా పిల్ల ఎందుకు అక్కడ చదవకూడదు?" అని ఒక తండ్రి అడిగిన ప్రశ్న అది. మన దేశం నుంచి వెళ్ళిన మనిషికి ఆ ప్రశ్న బరువేమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

2012 ఫిబ్రవరి 15న మాత్రం ఊరు ఊరంతా టెన్షన్‌గా ఉంది. చైనా ఉపాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వస్తున్నాడు. 1985లో హెబె రాష్ట్రంలో చిన్న స్థానిక అధికారిగా ఉన్నప్పుడు వ్యవసాయం చూడ్డానికి వచ్చి, ఒక కుటుంబం వాళ్ళింట్లో, కాలేజీకి వెళ్ళిన వాళ్ళబ్బాయి గదిలో రెండు రాత్రులు పడుకున్నాడట. అప్పుడు అన్నం పెట్టినవాళ్ళని పలకరించడానికి మళ్ళీ వచ్చాడు. రోడ్లన్నీ పోలీసులు. మామ్మగారు కిటికీ పరదా తీసి చూసి, "వచ్చినవాడెవరో తెలియకుండానే పడక చూపించారుగా, అది మంచి పని" అంది.

వేసవి చివర్లో టమాటాలు వచ్చే రోజుల్లో గాలి తిరిగితే ఊరంతా కెచప్ వాసన. హైంజ్ వాళ్ళు పిట్స్‌బర్గ్ బయట పెట్టిన మొట్టమొదటి ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే. మొక్కజొన్న ఉడికే వాసన ఏడాది పొడుగునా. ఊరికి దక్షిణాన ఇసుక నేలల్లో కర్బూజాలు పండుతాయి. ఆగస్టులో బండి మీద పెట్టి అమ్మే ఆ కర్బూజా కోస్తే వచ్చే వాసన, మా లంకల్లో పండిన దోసపండు వాసనే. ఇసుక నేల ఎక్కడైనా ఒక్కటే కాబోలు.

2012 మేలో మా ప్రాజెక్టు అయిపోయింది. బయల్దేరే ముందురోజు మామ్మగారు ఒక పాత అట్ట ఇచ్చింది. దాని మీద రెండు డజన్ల ముత్యపు బొత్తాలు, వాళ్ళమ్మ కుట్టినవి. దారం పసుపు రంగుకి తిరిగింది, బొత్తాలు మాత్రం ఇంకా వెన్నెల్లా ఉన్నాయి. ఒకటి లేదు. "అది నేను మింగేశాను, నాలుగేళ్ళప్పుడు" అంది. ఇద్దరం నవ్వుతూనే ఏడ్చాం. రెండేళ్ళ తర్వాత ఆవిడ పోయారని వాళ్ళబ్బాయి మెయిల్ పెట్టారు.

ఆ అట్ట నా దగ్గరే ఉంది. ఆరు చిల్లుల ఆల్చిప్పని మాత్రం ధవళేశ్వరం తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. మామిడికాయల రోజులే అవి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక కాయ తీసుకుని ఆ చిల్లు అంచుతో లాగింది. రెండోసారి, మూడోసారి. చెక్కు రాలేదు.

"మరీ దళసరి. పదునెక్కదే ఇది" అంది. అరుగు మీదకెళ్ళి, సన్నికల్లు పక్కన కూర్చుని, నీళ్ళు చిలకరించి, ఒక చిల్లు అంచుని మెల్లగా రాతికేసి అరగదీయడం మొదలుపెట్టింది.